పక్క వెలుతురు

చెయ్యింకా ముక్కు మీదికి పోతానే ఉండాది.
లేని అద్దాల్ని పైకి నెట్టి
ఖాళీ వేలితో దిగొస్తాది.

పదకొండు పవరు, రెండు కళ్లకూ.
ఆరో ఏటి నుంచి ముప్పై ఒకటి దాకా
నాకంటే ముందు నా అద్దాలే గడప దాటేవి.
ఇప్పుడవి సొరుగులో, పాసుపోర్టు ఫోటోల కవర్ల కింద
కాళ్లు ముడుచుకుని పడుకున్నాయి.

కొర్లగుంటలో మా స్టూడియోకి వచ్చినోళ్లంతా
వాళ్లు ఫోటోకి కూచోక ముందే
నన్ను కూచోబెట్టి చూస్తా ఉండారు.
"యాడ పెట్టినారు మే? కనపడదే!"
టీలు తెచ్చే చెంగల్రాయుడు
గ్లాసుల స్టాండు కింద పెట్టి మరీ వంగినాడు.
ఆయన బీడీ వాసన,
నా నల్లగుడ్డులో ఆయన మీసం.
"నేనే కనపడతా ఉండా గదా" అని
నిరాశగా పోయినాడు.

మునెమ్మత్తకైతే అనుమానం.
"డబ్బులు దీసుకుని ఏమీ పెట్టకనే పంపించినారేమో,
లోపలికి పొయ్యి చూసిందెవురు?"
శుక్లం తీయించుకున్న ఆమె కన్ను
సాయంత్రం ట్యూబులైటు కింద తళుక్కుమంటాది.
నాది అట్ల మెరవదని
రోంత గర్వంగానే ఉండాది ఆమెకి.

నేనూ వెతికినా, అబద్ధమెందుకు.
ఒకరాత్రి షట్టరు సగం దించి
మా కెమెరా ముందర నేనే కూచున్నా.
ఊళ్లోవాళ్ల మొటిమలు చెరిపే కంప్యూటరులో
తెర నిండేదాకా నా కన్నును పెంచినా.
గోధుమ రంగు చారలు, మెంతిగింజ లాంటి మచ్చొకటి,
గొడుగు లైటు తెల్లటి పలక,
ఆ పలక అంచున స్టూలు, స్టూలు మీద నేను.
అంతే.
అప్పు చేసిన లక్షా ముప్పై వేలు
యాడా ఒక చుక్కగానైనా పడలేదు.

ఎంతమంది కళ్లద్దాల మీది మెరుపుల్ని చెరిపినానో.
నా ముఖంలో చెరిపేదానికి మిగిలింది
ముక్కుకి రెండు పక్కలా
పెసరబద్దలంత రెండు గుంటలు.
వాటి మీదికి బాణంగుర్తు తెచ్చి
ఎందుకో
మౌసు మీంచి చెయ్యి తీసేసినా.

నెల్రోజులు గాంధీ రోడ్డు తప్పించి తిరిగినా.
ఆ రోడ్డులోనే మొహిద్దీన్ సాయబు కళ్లద్దాల అంగడి.
ఆరేళ్లప్పుడు చెవుల వెనక రబ్బరుతాడు కట్టి
కొండలో ఎర్రరాతి పొరలుంటాయని,
ఎదురుగోడ మీది సినిమా బొమ్మకి
కనుబొమ్మలు కూడా ఉంటాయని చూపించినోడు.
మద్రాసు నుంచి పలచటి గాజు తెప్పించి
నాకోసం అంచులు ఇంకో రెండుసార్లు అరగదీసినోడు.
పాతికేళ్ల గిరాకీ తెగ్గొట్టుకుని
ఏ ముఖంతో దాటేది ఆ అంగడి,
ఈ బోడి ముఖంతోనా?

ఆయనే పిలిచినాడు. పేరు పెట్టి కాదు,
"పదకొండూ!" అని.
కూచోమన్నాడు. ఏమీ అడగలేదు.
అందరి మాదిరి ఎదురుగా నిలబడి చూళ్లేదు.
తల కొంచెం తిప్పమని
పెన్ను లైటు చెవి పక్క నుంచి తెచ్చినాడు.
ఆగమన్నాడు. కిందికి చూడమన్నాడు.
ఇంకా ఆగమన్నాడు.
"ఆ... ఉండాది.
నూకలో సగమంత తళుకు.
పక్క వెలుతురుకి తప్ప పలకదు."
లైటు ఆర్పినాడు.
"ఎవురో గానీ, అంచు బాగా తీసినారు."

ఆ మాటంటానే జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి
పాత అలవాటుగా నా వైపు చెయ్యి చాపినాడు.
తుడిచేదానికి నా దగ్గర ఏమీ లేదు.
ఒక్క క్షణం చూసి
తన అద్దాలే తీసి తుడుచుకున్నాడు,
చాలాసేపు.

బయటికొచ్చేసరికి చీకటి పడింది.
ఆటోల లైట్ల చుట్టూ, మందులషాపు గుర్తు చుట్టూ
సన్నటి వలయాలు.
దూరంగా ఘాటురోడ్డు వంపుల్లో
ఒక్కో దీపానికీ ఎవురో ఒక్కో గాజు తొడిగినట్టు.
లోపల అదుండాదని నాకు తెలిసేది
ఆ గాజుల వల్లనే.
కొన్నాళ్లకి అవీ పోతాయంట.

ఎవురికీ చెప్పలేదు.
చెప్తే మళ్లీ
యాడ, యాడ అని వంగి చూస్తారు.